బ్రేకుల్లో పోసిన వంటాముదం

నలభై రెండేళ్ళుగా ఒక మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. ఇలాంటివాటిని బరువు అంటారు. నాకది భయంలాగే ఉంటుంది. గేటు చప్పుడైతే భయం. కొమరోలు బస్సు దిగి ఎవరైనా మా వీధిలోకి తిరిగితే భయం. ఇంట్లో ఎవరైనా తలకు ఆముదం రాసుకుంటే ఆ వాసనకు లేచి బయటికి పోతాను. ఇన్నేళ్ళకు తగ్గాలి కదా? తగ్గలేదు. డెబ్బై ఆరు నిండాక ఇంకా పెరిగింది. చెప్పకుండానే పోతానేమోనన్న భయం కొత్తగా వచ్చి చేరింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మొదలుపెట్టగలుగుతున్నాను.

మార్కాపురంలో మా ఆయనకు పలకల ఫ్యాక్టరీ ఉండేది. క్వారీ నుంచి ఎంత రాయి వచ్చింది, ఎన్ని పలకలు చట్రాలకు పోయాయి, ఎన్ని విరిగాయి, అన్నీ నేనే చూసేదాన్ని. ఏ తేదీన ఏ లారీ పోయిందో అడిగితే ఆలోచించకుండా చెప్పేదాన్ని. "అమ్మ చెప్పినాక మళ్ళీ చూడాల్సిన పన్లేదు" అని పనివాళ్ళు అనేవాళ్ళు. ఆ పేరంటే నాకెంత ఇష్టమో ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తోంది. నేను చేసిన పని బయటపడకుండా కాపాడింది ఆ పేరే.

మా కూతురి కూతురు నీరజ పోయిన వేసవిలో షెడ్డు తలుపు తీయించింది. లోపల మా ఆయన ఆకుపచ్చ అంబాసిడర్ ఉంది. ఆయన పోయినప్పటి నుంచి అది కదల్లేదు. కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా పాత కార్లతో మాత్రమే పోయే యాత్ర ఒకటుందట. ముందెవరు చేరారన్నది ముఖ్యం కాదట, బండి దారిలో చెడిపోకుండా చివరిదాకా నిలబడాలట. తాత కారుతో పోతానని పేరు ఇచ్చేసి వచ్చింది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దంటున్నావని అడిగింది. పాత బండి, నమ్మడానికి లేదన్నాను. నమ్మడానికి లేనిది బండా? అప్పుడు కూడా నిజం చెప్పలేదు.

పనులు మొదలయ్యాయి. ఇంజను దించారు, ఎక్కించారు. రేడియేటర్ కడిగించారు. వెనక కమాన్ పట్టీల్లో రెండు విరిగి ఉంటే కొత్తవి వేయించారు. దారిలో పనికొస్తాయని రెండో ఫ్యాన్ బెల్టు, కాయిలు, పాయింట్లు, నీళ్ళ గొట్టాలు, గ్రీజు డబ్బా, అన్నీ ఒక ఇనప పెట్టెలో సర్దుకుంది. ఏవి ఉన్నాయో ఏవి లేవో నేను సరిచూసి చెప్తుంటే, "అవ్వా, నువ్వూ రా, నీకంటే మంచి క్లీనర్ నాకు దొరకడు" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే బ్రేకుల వైపు చూడకుండా పక్కకు తిరిగాను.

ఒకరోజు పొద్దున ఆమె ఎవరినో మోటార్‌సైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని తెచ్చింది. తెల్లటి జుట్టు, వంగిన నడుము, తెల్ల చొక్కా మీద పాత కోటు. గేటు దగ్గర చెప్పులు విడిచాడు.

ఏసోబు.

ఏసోబు మా డ్రైవరు. తనకు పెళ్ళైన కొత్తలో మా దగ్గర చేరి ఆ కారును ఆరేళ్ళు నడిపాడు. నీరజ ఫ్యాక్టరీ పాత ఫోటోల్లో అతన్ని చూసి, కొమరోలు దగ్గర తన సొంత పల్లెలో మేకలు మేపుకుంటున్నాడని తెలుసుకుని, వెతికి పట్టుకుంది. ఆ బండి సంగతి తెలిసినవాడు బతికి ఉన్నాడంటే వదులుతుందా? యాత్రకు తన వెంట రమ్మని అడిగింది. రానన్నాడు. కనీసం బండి చూసి చెప్పు తాతా అని తీసుకొచ్చింది.

"బాగుండారా అమ్మా" అన్నాడు నాతో. అంతే. కోపం లేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది. నా మీద కోపం ఉంటే అతనికి తెలిసినట్టు. లేదంటే ఇన్నేళ్ళూ తెలియకుండానే బతికినట్టు.

బండి చుట్టూ తిరిగాడు. ఇంజను గురించి ఒక్క మాటా అడగలేదు. బ్రేకుల దగ్గర కూర్చున్నాడు. నాలుగు చక్రాలూ విప్పించాడు. కొత్తగా వేసిన రబ్బరు కప్పులు మళ్ళీ తీయించి, వాటి స్థానంలో ఇంకో జత వేయించాడు. మెకానిక్ విసుక్కున్నాడు. "పెద్దాయనా, నిన్ననే వేసినం గదా, మల్లా ఏంది?" అంటే, "ఒకసారి సరిగ్గా చెయ్యనోన్ని నాయనా, నాకు అనుమానం పోదు" అన్నాడు ఏసోబు.

నేను వరండాలో కూర్చుని ఆ మాట విన్నాను. లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

ఒకసారి సరిగ్గా చెయ్యనివాడు అతను కాదు. ఇప్పుడా రోజు గురించి చెప్తాను. వరుసగా చెప్తాను, లేకపోతే మధ్యలో ఆగిపోతాను.

అది సోమవారం. పలకలు కొనే వ్యాపారి ఒకాయన నంద్యాలకు వచ్చి మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోతాడు. మా ఆయన ఆయన్ను కలవాలి. సోమవారం ఏడున్నరకు రాహుకాలం మొదలవుతుంది. దానికి ముందే బండి గేటు దాటాలన్నది నా పట్టు. మా ఇంట్లో ఏ ప్రయాణమైనా నేను పెట్టిన వేళకే కదిలేది. ముందురోజు రాత్రే చెప్పి ఉంచాను.

పొద్దున ఆరున్నరకు ఏసోబు వచ్చి, బ్రేకు మెత్తగా ఉంది, ఆయిల్ తగ్గి లోపల గాలి చేరిందన్నాడు. ఆయిల్ డబ్బా కొనాలి, దుకాణం తొమ్మిదికి గానీ తెరవరు. తొమ్మిదికా? రాహుకాలం ఒక పక్క, వెళ్ళిపోయే వ్యాపారి ఇంకో పక్క. అతన్ని టీ తాగి రమ్మని పంపాను.

వంటింట్లో సీసాలో వంటాముదం ఉంది. ఈ ప్రాంతంలో ఆముదం పంట ఎక్కువ, మేం ఇంట్లోనే తీసుకునేవాళ్ళం. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికిస్తే ఆముదం పైకి తేలుతుంది. దాన్ని తేర్చుకుని రెండోసారి పొయ్యి మీద పెట్టి, చిటపటలు ఆగిపోయేదాకా కాచాలి. చిటపటలు ఆగితే నీరు పూర్తిగా పోయినట్టు. ఆదివారం తేర్చి సీసాలో పోశాను. రెండోసారి కాచడం సోమవారానికి వాయిదా వేశాను.

అంతకుముందెప్పుడో ఏసోబే చెప్పాడు, బ్రేక్ ఆయిల్ అన్నా ఆముదమే అమ్మా, ఏదో మందు కలిపి డబ్బాల్లో పోస్తారంట అని. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. ఆముదమే కదా, మన ఇంటిది ఇంకా స్వచ్ఛం కదా అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. నాకు తెలియనిది ఒకటుంటుందని నాకు తోచేది కాదు ఆ రోజుల్లో. డ్రైవరు కాళ్ళ కింద మ్యాట్ తీస్తే బ్రేక్ ఆయిల్ పోసే మూత ఉంటుంది. మూత విప్పి, గరాటా పెట్టి, నిండా పోశాను. ఖాళీ సీసాను వంటింట్లో పెట్టేసి చేతులు కడుక్కున్నాను.

ఏసోబు తిరిగి వచ్చాడు. మూత తీసి చూశాడు. అప్పుడు జరిగిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నిండా ఉందే! ఎవరు పోసినారమ్మా?"

"నేనే. ఇంట్లో డబ్బా ఉండింది."

వేలితో తడిమాడు. "కొంచెం చిక్కగా ఉన్నట్టుందే?"

"కొత్త డబ్బా. వేళైపోతోంది, కానీ."

"అయితే గాలి తీసేస్తా. మీరొకసారి కూర్చుని బ్రేకు తొక్కుతారా అమ్మా? ఇంకెవురూ లేరు."

కూర్చున్నాను. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర వదులు చేస్తారు. గాలితో పాటు పాత ఆయిల్ బయటికి వస్తుంది, పైన పోసిన కొత్తది గొట్టాల్లోంచి చక్రాల దాకా దిగుతుంది. ఏసోబు బండి కింద దూరాడు.

"తొక్కండమ్మా. పట్టుకోండి. వదలొద్దు. ఆ, ఇప్పుడు వదలండి. మళ్ళా తొక్కండి. భలే తొక్కుతాండారమ్మా, రేపట్నుంచి నా ఉద్యోగం మీకే!"

నవ్వాను. తొక్కాను. నేను పోసినదాన్ని నా కాలితోనే చక్రాల దాకా తోశాను. నాలుగు చక్రాలకూ తీశాడు. ఒక్కదాన్నీ తొందరపడి వదల్లేదు. గడియారం చూస్తూ తొందరపెట్టింది నేనే. ఏడుంబావుకు బండి గేటు దాటింది. వేళకు కదిలిందని నేను సంతోషపడ్డాను.

కంభం దాటి, గిద్దలూరు దాటి, నల్లమల ఎక్కి దిగి నంద్యాల చేరారు. ఆ దిగుడులోనే బ్రేకు కొంచెం మెత్తబడిందట. రెండుసార్లు తొక్కితే మళ్ళీ గట్టిపడిందట. సాయంత్రం తిరుగు ప్రయాణంలో దిగువమెట్ట వైపు దిగుతుంటే బ్రేకు పూర్తిగా నేలకు పోయింది. చక్రాలు వేడెక్కి, ఆముదంలో మిగిలిన నీరు ఆవిరైపోయింది, గొట్టంలో ఆవిరి ఉంటే ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. ఇది నాకు తర్వాత తెలిసింది. ఏసోబు చేతి బ్రేకు లాగాడు, గేరు దించాడు. ఒక పక్క లోయ, ఒక పక్క కొండ. కొండకేసి కొట్టాడు. ముందు ఎడమ వైపు నుజ్జయింది. అటువైపు కూర్చున్న మా ఆయన మోకాలు పగిలింది. బతికినంతకాలం కర్ర లేకుండా నడవలేదు.

లోయ వైపు పోయి ఉంటే ఇద్దరూ ఉండేవాళ్ళు కాదు. ఏసోబు మా ఆయనను బతికించాడు. ఆ మాట మా ఇంట్లో ఒక్కసారి కూడా ఎవరూ అనలేదు. నేను అననివ్వలేదు.

మూడో రోజు గిద్దలూరు మెకానిక్ వచ్చి, గొట్టాల్లో గాలో ఆవిరో ఉందని, ఆయిల్లో నీళ్ళు కలిసినట్టుందని చెప్పాడు. ఆ క్షణంలో నాకు చిటపటలు వినిపించాయి. పొయ్యి మీద ఆముదం చిటపటలు. మా ఆయన మంచం చుట్టూ బావగారు, మరుదులు, ఫ్యాక్టరీ వాళ్ళు ఉన్నారు. ఏసోబు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, నుదుటి మీద కట్టుతో. అందరూ నా వైపు చూశారు, లెక్క మనిషిని కదా.

"గాలి తీసింది వాడే గదా" అన్నాను.

అబద్ధం కాదు, చూడండి. గాలి తీసింది అతనే. నిజమైన మాటతో ఒక మనిషిని పడగొట్టవచ్చని నాకు ఆ రోజు తెలిసింది. అంత తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? భయం నుంచి వచ్చింది. మా ఆయన కాలు నా చేతి మీదుగా పోయిందని తెలిస్తే ఆయన నన్ను చూసే చూపు ఎలా ఉంటుందోనని. "అమ్మ చెప్పినాక" అనే మాట ఇంక ఎవరూ అనరేమోనని. ఏసోబు తలెత్తి నన్ను చూశాడు. నేను డబ్బా సంగతి చెప్తానేమోనని ఎదురుచూశాడనుకుంటాను. నేను మా ఆయన దుప్పటి సర్దాను.

అతన్ని తీసేశారు. మార్కాపురంలోగానీ గిద్దలూరులోగానీ ఎవరూ అతని చేతికి మళ్ళీ స్టీరింగు ఇవ్వలేదు. తాగి నడిపాడని కొందరు, నిద్రపోయాడని కొందరు అన్నారు. భార్య మరియమ్మతో కూలికి పోయాడు. కొన్నాళ్ళకు మా ఇంట్లో గిన్నెలు కడిగే ఆమె ఒక సంగతి చెప్పింది. ఒక ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి నిలబడ్డాడట. "నా అజాగ్రత్త వల్ల ఒక మంచి మనిషి కాలు పోయింది. పోయేటప్పుడే బ్రేకు తేడా తెలిసింది, నేను బండి ఆపలేదు. దేవుడు నన్ను క్షమించాల" అని ఏడ్చాడట. చెప్తూ ఆమె కూడా ఏడ్చింది. నేను కూరలో ఉప్పు చూస్తున్నాను. ఉప్పు సరిపోయిందో లేదో తెలియలేదు.

చేయని తప్పు అతను పదిమందిలో ఒప్పుకున్నాడు. చేసిన తప్పు నేను ఇంట్లో కూడా ఒప్పుకోలేదు. మా ఆయన పోయేముందు మూడు నెలలు మంచంలో ఉన్నారు. ఎన్ని సాయంత్రాలు ఆ మోకాలికి నూనె రాశానో! అప్పుడైనా చెప్పవచ్చు కదా? రేపు చెప్దామనుకునేదాన్ని. ఆయనకు రేపు లేని రోజు వచ్చేసింది.

ఇంట్లో ఆముదం వండటం ఆ సోమవారంతోనే మానేశాను. పొగకు కళ్ళు మండుతున్నాయని చెప్పాను. ప్రతి చిన్నదానికీ ఒక కారణం సిద్ధం చేసుకుని బతికాను.

మళ్ళీ ఈ ఏటికి వస్తాను. బండి సిద్ధమైంది. యాత్రకు పంపేముందు ఘాటులో ఒకసారి నడిపి చూడాలని నీరజ పట్టుపట్టింది. ఏసోబు వెనక సీటులో కూర్చున్నాడు, నేను అతని పక్కన. ముందు సీటులోకి రమ్మంటే అతను రాలేదు. దిగువమెట్ట వచ్చేసరికి అతను ముందు సీటును రెండు చేతులా పట్టుకున్నాడు. నేనూ పట్టుకున్నాను. ఎవరి పట్టు ఎక్కువో చెప్పలేను.

కొండ కింద బండి ఆపించాడు. "పాపా, నేను ఇంక ఎక్కను. నువ్వు పోయిరా. బ్రేకులు బాగుండాయి, కానీ నేనుంటే వద్దు. ఈ కొండ మీద నా చెయ్యి మంచిది కాదు" అన్నాడు. దిగి రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు. నీరజ బతిమాలింది. "తాతా, నువ్వు కాశ్మీరు దాకా రావాల్సినోడివి, ఈ కొండకే భయపడితే ఎట్ల?" అంది. అతను రానని తల అడ్డంగా ఊపాడు. ఆమె విసుగ్గా నీళ్ళ డబ్బా తీసుకుని ఎదురుగా ఉన్న టీ అంగడికి పోయింది.

నేను దిగాను. చెప్పకపోతే నా మనవరాలు ఆ కొండ ఎక్కుతుందన్న భయమా? బండికి ఏమీ కాదని నాకు తెలుసు. ఈసారి ఆయిల్ డబ్బా సీలు విప్పింది నీరజే. అయినా ఇంక దాచలేక చెప్పాను. ధైర్యం కాదు అది. నేను ఏమి పోశానో, ఎందుకు పోశానో, అతను అడిగితే ఏమి అబద్ధం చెప్పానో, మంచం దగ్గర ఏమి అన్నానో, వరుసగా చెప్పాను.

కోతులు రోడ్డు దాటుతుంటే, అన్నీ దాటేదాకా ఏసోబు వాటినే చూశాడు.

"రెండోసారి కాయలేదా?" అన్నాడు చివరికి.

"కాయలేదు."

"మరియమ్మ అంటానే ఉండింది. నువ్వు అట్ల చేసే మనిషివి కాదయ్యా, ఇంకేందో జరిగింది అని. నేనే దాన్ని కసిరేవాన్ని. అది పోయి ఏడేళ్ళాయె." రాయి మీద నుంచి లేస్తూ మళ్ళీ అన్నాడు. "నేను చర్చిలో అందరి ముందర నిలబడి చెప్పినా అమ్మా. మీరు ఈడ, రోడ్డు పక్కన, ఎవురూ లేనప్పుడు చెప్తాండారు."

క్షమించమని అడగాలనుకున్నాను, అడగలేదు. అడిగి ఉంటే ఏమనేవాడో తెలియదు. గిద్దలూరు వైపు బస్సు వస్తే చెయ్యెత్తి ఆపాడు. ఎక్కాడు. వెనక్కి చూడలేదు.

నీరజకు బండిలోనే చెప్పాను. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని విన్నది. "తాతకు తెలుసా?" అని మాత్రం అడిగింది. మా ఆయన గురించి. తెలియదన్నాను. ఆ తర్వాత మూడు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. మరుసటి వారం ఒంటరిగా కన్యాకుమారికి బయలుదేరింది. ముందు సీటు ఏసోబు కోసమని బయలుదేరే నిమిషం దాకా ఖాళీగా ఉంచింది, అతను రాలేదు. వచ్చి ఉండేవాడేమో, నేను నలభై రెండేళ్ళ కిందటే నోరు విప్పి ఉంటే. రోజూ సాయంత్రం ఆమె ఫోను వచ్చేదాకా అన్నం ముట్టను. వచ్చినా, ఎక్కడున్నదీ, బండి ఎలా ఉన్నదీ చెప్పి పెట్టేస్తుంది.

ఏసోబు అన్న మాట మీదే ఇది రాస్తున్నాను. పేరు పెట్టకుండా రాద్దామనే మొదలుపెట్టాను. ఇప్పటికీ పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు, చూడండి. కానీ పలకల ఫ్యాక్టరీ, ఆకుపచ్చ అంబాసిడర్, కాలు పోయిన యజమాని, ఇవి చాలు మా ఊళ్ళో వాళ్ళకు. గుర్తుపడతారు. కూరగాయల దగ్గర, బ్యాంకులో, పెళ్ళిళ్ళలో నన్ను చూసి గొంతు తగ్గిస్తారు. తగ్గించనీ. దీన్ని కొమరోలు పక్క పల్లెలోని ఆ చర్చికి కూడా పంపుతున్నాను, చదవమని. చదువుతారో లేదో వాళ్ళ ఇష్టం.

చెప్పాల్సింది చివరికి ఒక్కటే. ఆ సోమవారం ఏసోబు నాలుగు చక్రాలకూ గాలి సరిగ్గానే తీశాడు.